గూగుల్ కంట పడటానికి నాకు పట్టిన ఏడాదిన్నర – నా అనుభవం

నాకు సైకిళ్ల పిచ్చి. పంక్చర్ వేసుకోవడం దగ్గర్నుంచి వంకరపోయిన వీలు (చక్రం) సరిచేసుకోవడం దాకా నా పని నేనే చేసుకుంటా, చేతులు నల్లగా చేసుకుని నేర్చుకున్నదంతా ఓచోట రాసి పెడితే ఇంకొకడికి పనికొస్తుంది కదా అని వర్డ్‌ప్రెస్ అనే సైట్లు కట్టుకునే సాఫ్ట్‌వేర్‌లో ఓ సైట్ పెట్టా. ఎస్‌ఈఓ (సెర్చ్‌లో సైట్ పైన కనపడేలా చేసే పని) అనే మాట వినకపోలేదు గానీ అదంతా కంపెనీల గోల, మనకెందుకు, విషయం బాగుంటే జనం వాళ్లే వెతుక్కుంటూ వస్తారులే అనుకున్నా. నాలుగు నెలల్లో నలభై వ్యాసాలు రాశా. వచ్చి చదివినవాళ్లు ఎవరయ్యా అంటే నేను, మా తమ్ముడు, అప్పుడప్పుడూ పాస్‌వర్డ్ కొట్టేయడానికి వచ్చే బాట్లు (తమంతట తామే తిరిగే ప్రోగ్రాములు).

మొదట్లో కొత్త సైట్ కదా టైమ్ పడుతుందిలే అని సర్దిచెప్పుకున్నా. అయిదో నెలలో మాత్రం ఓపిక పోయింది. వెబ్ పని చేసే ఫ్రెండ్ ఒకడున్నాడు, వాడికి ఫోన్ చేసి నా వ్యాసాలు గూగుల్‌లో కిందెక్కడో ఉన్నట్టున్నాయిరా, పైకి తేవాలంటే ఏం చేయాలి అని అడిగా. వాడు సలహాలేమీ చెప్పకుండా, గూగుల్‌లో సైట్ అని ఇంగ్లీష్‌లో కొట్టి కోలన్ పెట్టి గ్యాప్ లేకుండా నీ డొమైన్ పేరు కొట్టు అన్నాడు. కొట్టా. సున్నా. ఒక్కటంటే ఒక్క పేజీ కూడా లేదు. అంటే కింద ఉండటం కాదు, అసలు నేను లైన్లోనే లేను.

కంట్రోల్ యూ నొక్కి పేజీ సోర్స్ తీయమన్నాడు. అందులో రోబోట్స్ అని వెతికితే పైనే ఒక మెటా లైను, దాంట్లో నోఇండెక్స్ (రిజల్ట్స్‌లో చూపించకు) అని తాటికాయంత అక్షరాలతో ఉంది (అక్షరాలు మామూలువే, నాకు ఆ టైమ్‌లో అలా కనపడ్డాయి). విషయం ఏంటంటే సైట్ కట్టేటప్పుడు సగం సగం పేజీలు ఎవరి కంటా పడకూడదని సెట్టింగ్స్‌లో రీడింగ్ అనే చోట సెర్చ్ ఇంజన్లని రావద్దని చెప్పే టిక్కు ఒకటుంటుంది, అది నేనే పెట్టుకున్నా, పెట్టి మర్చిపోయా. ఇంకా సిగ్గుచేటు ఏంటంటే ఆ టిక్కు పెడితే వర్డ్‌ప్రెస్ డాష్‌బోర్డ్ మీద చిన్న అక్షరాలతో ఆ ముక్క రోజూ చూపిస్తూనే ఉంటుంది. నాలుగు నెలలు రోజూ లాగిన్ అయ్యా, ఒక్కసారి కూడా చదవలేదు. ఫ్రెండ్ గాడు "ఒరేయ్, లోపల్నుంచి నువ్వే గడియ పెట్టుకుని ఎవరూ రావట్లేదని ఏడుస్తున్నావు కదరా" అన్నాడు, ఇప్పటికీ కలిసినప్పుడల్లా అంటాడు.

సరే టిక్కు తీసేశా, ఇంక రేపో ఎల్లుండో వచ్చేస్తాం అనుకున్నా. మూడు వారాలు గడిచాయి. ఈసారి సైట్ కోలన్ కొడితే ఒక్క హోమ్ పేజీ వచ్చింది, కానీ కింద వివరణ ఉండాల్సిన చోట ఈ పేజీ గురించి సమాచారం లేదు అన్నట్టు ఒక లైను. దీని వెనక నా ఇంకో ఘనకార్యం ఉంది. కట్టే రోజుల్లోనే ఎక్కడో చదివి రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ అనే ఫైల్‌లో (సెర్చ్ ఇంజన్ల బాట్లకి గేటు దగ్గర పెట్టే బోర్డు లాంటిది) డిజాలో అని రాసి పక్కన ఒక్క స్లాష్ పెట్టా. ఆ ఒక్క గీతకి అర్థం సైట్ మొత్తం లోపలికి రావొద్దు అని.

ఇక్కడ నాకు అర్థమవడానికి చాలా టైమ్ పట్టిన సంగతి ఒకటుంది, నాలాంటివాళ్లు ఇంకా ఉంటారని రాస్తున్నా. రోబోట్స్ ఫైల్ చెప్పేది లోపలికి అడుగుపెట్టకు అని, నోఇండెక్స్ చెప్పేది చూసుకో గానీ రిజల్ట్స్‌లో చూపించకు అని. రెండూ వేరు. గేటు దగ్గరే ఆపేస్తే లోపల తలుపు మీద అంటించిన కాగితం వాడెలా చదువుతాడు? నేను నోఇండెక్స్ తీసేసిన సంగతి గూగుల్‌బాట్‌కి (పేజీలు చదువుతూ తిరిగే గూగుల్ ప్రోగ్రాముకి) తెలిసే దారే లేదు, గేటు మూసుంది కాబట్టి. దీనికి ఉల్టా కేసు కూడా ఉంది, పేజీ గూగుల్లోంచి పోవాలని నోఇండెక్స్ పెట్టి, పనిలో పనిగా రోబోట్స్‌లో కూడా బ్లాక్ చేస్తారు, అప్పుడు బాట్ ఆ నోఇండెక్స్ చదవలేదు, వేరే సైట్ల నుంచి లింకులుంటే ఆ అడ్రస్ రిజల్ట్స్‌లో అలాగే వేలాడుతూ ఉంటుంది. ఈ రోబోట్స్ ఫైల్ పద్ధతి 1994 నుంచి ఉంది, ఎవరూ అధికారికంగా ముద్ర వేయకుండానే అందరూ పాటిస్తూ వచ్చారు, చివరికి 2022లో ఆర్‌ఎఫ్‌సీ 9309 అనే పత్రంగా ఇంటర్నెట్ స్టాండర్డ్ అయింది. అంత పాత ఫైల్‌తో నేను అలా ఆడుకున్నా. స్లాష్ తీసేశాక కూడా గూగుల్ ఆ ఫైల్‌ని ఒక రోజు దాకా తన దగ్గర దాచుకుని వాడుతుంది కాబట్టి, తీసిన పది నిమిషాలకే ఇంకా బ్లాక్ అంటోందేంటని కంగారు పడక్కర్లేదు. నేను పడ్డా.

అప్పుడు పెట్టుకున్నా సెర్చ్ కన్సోల్, మన సైట్ గూగుల్‌లో ఎలా ఉందో చూపించే టూలు. ఇది మొదటి రోజే పెట్టుకోవాల్సింది, ఫ్రీ, గూగుల్‌వాడే ఇస్తాడు, 2015 దాకా దీని పేరు వెబ్‌మాస్టర్ టూల్స్. సైట్ నాదే అని నిరూపించుకోవడానికి డీఎన్‌ఎస్‌లో (డొమైన్ పేరు వివరాలుండే చిట్టా) ఒక టీఎక్స్‌టీ రికార్డు వేయమంటుంది. హోస్ట్ అన్న గడిలో నేను డొమైన్ పేరు మొత్తం రాశా, నా రిజిస్ట్రార్ (డొమైన్ పేరు అమ్మినవాళ్లు) దగ్గరేమో అక్కడ ఎట్ గుర్తు పెడితే చాలు, మిగతాది వాళ్లే తగిలించుకుంటారు, దాంతో రికార్డు నా డొమైన్ పేరు రెండుసార్లు కలిసిన ఏదో అడ్రస్‌కి పడింది, వెరిఫికేషన్ ఫెయిల్, ఫెయిల్, ఫెయిల్. సాయంత్రం మొత్తం పోయింది.

పేజీల రిపోర్ట్ తెరిచాక రెండు రకాల బాధలు కనపడ్డాయి. ఒకటి డిస్కవర్డ్ కరెంట్లీ నాట్ ఇండెక్స్డ్, ఇంకోటి క్రాల్డ్ కరెంట్లీ నాట్ ఇండెక్స్డ్. మొదటిదానికి అర్థం నీ పేజీ ఉందని తెలుసు, ఇంకా రాలేదు అని. రెండోది వచ్చా, చూశా, ప్రస్తుతానికి వద్దు అని వెళ్లిపోవడం. మనసుకి తగిలేది రెండోదే. నావి నలభై వ్యాసాలే అయినా రిపోర్ట్‌లో రెండొందల పైచిలుకు అడ్రస్‌లున్నాయి, ఇవెక్కడివి అని చూస్తే అన్నీ ట్యాగులు. ప్రతి వ్యాసానికీ చేతికొచ్చినన్ని ట్యాగులు తగిలించా, ట్యూబు, ట్యూబ్, ట్యూబులు, ఇలా, ప్రతి ట్యాగుకీ వర్డ్‌ప్రెస్ ఒక పేజీ పుట్టించింది, ఒక్కో పేజీలో ఒక్క వ్యాసం. వర్డ్‌ప్రెస్ తనంతట తాను ఇచ్చే సైట్‌మ్యాప్‌లో (సెర్చ్ ఇంజన్లకిచ్చే పేజీల జాబితా) అవన్నీ ఉన్నాయి, అంటే ఇవన్నీ ముఖ్యమైన పేజీలు చూడండి చూడండి అని నేనే చీటీ రాసి ఇచ్చినట్టు. ఒక సైట్‌మ్యాప్ ఫైల్‌లో 50,000 అడ్రస్‌ల దాకా పట్టొచ్చు కదా అని ఉన్నవన్నీ కుక్కేయడం ఎందుకు. ట్యాగు పేజీలకి నోఇండెక్స్ పెట్టి (ఈసారి తెలిసి పెట్టా, గేటు తెరిచే పెట్టా) సైట్‌మ్యాప్‌లోంచి తీసేశా.

రిక్వెస్ట్ ఇండెక్సింగ్ అని ఒక బటన్ ఉంటుంది. దాన్ని లిఫ్ట్ బటన్ నొక్కినట్టు నొక్కా, నొక్కినకొద్దీ వేగంగా వస్తుందేమో అని. రాదు. రోజుకి కొన్నే ఇస్తాడు, ఒకే పేజీకి పదిసార్లు నొక్కినా లైన్లో నీ చోటు మారదు అని గూగుల్ వాడే రాసి పెట్టాడు.

ఈ మధ్యలో ఒక ఎస్‌ఈఓ నిపుణుడి చేతిలో పడ్డా. పేరు వద్దులెండి. మెయిల్ చేశాడు, నీ సైట్‌కి డొమైన్ అథారిటీ తక్కువుంది, మూడు నెలల్లో మొదటి పేజీ గ్యారంటీ అని. గ్యారంటీ అన్న మాట దగ్గరే ఆగాల్సింది, ఎందుకంటే గూగుల్‌లో మొదటి ర్యాంకుకి ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగుల్ డాక్యుమెంటేషన్‌లోనే తేటతెల్లంగా ఉంది. డొమైన్ అథారిటీ అనేది కూడా మోజ్ అనే కంపెనీ సొంతంగా లెక్కగట్టే నంబరు, గూగుల్ వాడేది కాదు. అప్పట్లో ఇవేమీ తెలీదు, డబ్బులు కట్టా. ఆయన చేసినవి మూడు. మెటా కీవర్డ్స్‌లో (పేజీ సోర్స్‌లో కనపడకుండా ఉండే మాటల జాబితా) ముప్పై మాటలు నింపాడు, దాన్ని ర్యాంకింగ్‌లో పట్టించుకోమని గూగుల్ 2009లోనే చెప్పేసింది. తర్వాత నా పంక్చర్ వ్యాసంలో మొదటి పేరాలోనే "సైకిల్ పంక్చర్" అన్న ముక్కని తొమ్మిదిసార్లు చొప్పించాడు, చదువుతుంటే పిల్లాడికి దిష్టి మంత్రం వేస్తున్నట్టుంది. మూడోది లింకులు. రెండు వారాల్లో మూడొందల లింకులు, ఎక్కడ్నుంచి అంటే ఏ భాషో తెలీని డైరెక్టరీలు, కామెంట్ బాక్సులు, ఎవరూ లేని పాడుబడ్డ సైట్లు.

లింకులు అసలు ఎందుకింత గోల అంటే గూగుల్ పుట్టిందే వాటి మీద. లారీ పేజ్, సెర్గీ బ్రిన్ యూనివర్సిటీలో చదువుకునేటప్పుడు, ఒక పేజీకి వేరే పేజీలు లింక్ ఇస్తున్నాయంటే అది ఒక రకం మాటసాయం, ఆ సాయం చేసే పేజీకి ఎంత పేరుంటే దాని మాటకి అంత విలువ అని లెక్క కట్టారు, అదే పేజ్‌ర్యాంక్. అది బయటికి తెలియగానే లింకులు అమ్మే బజారు మొదలైంది. 2012లో పెంగ్విన్ అని అప్‌డేట్ తెచ్చి దొంగ లింకులున్న సైట్లని కిందకి తొక్కారు, 2016 నుంచి ఎక్కువగా అలాంటి లింకుల్ని లెక్కలోంచి తీసేయడమే చేస్తున్నారు. అంటే నా డబ్బులు ఆ మూడొందల సున్నాలకి పోయాయన్నమాట. లింకుల్ని కాదనుకోవడానికి డిసావో టూల్ అని ఒకటుంది, కంగారుగా లిస్టంతా తయారుచేసి పెట్టుకున్నా, తర్వాత మాన్యువల్ యాక్షన్స్ రిపోర్ట్ చూస్తే ఏ శిక్షా లేదు, ఇంకెందుకులే అని ఊరుకున్నా. ఆ లింకులు అలాగే ఉన్నాయి. ఏమీ కాలేదు, మంచీ కాలేదు చెడూ కాలేదు. పంక్చర్ వ్యాసం మాత్రం మళ్లీ నా మాటల్లోకి మార్చుకోవడానికి ఒక పూట పట్టింది.

ఇప్పుడు అసలు సంగతి, పర్ఫార్మెన్స్ రిపోర్ట్. జనం ఏం కొడితే నీ పేజీ వాళ్ల కంట పడింది, ఎన్నిసార్లు పడింది, ఎంతమంది నొక్కారు, సగటున ఎన్నో స్థానం, ఇవన్నీ ఉంటాయి, 16 నెలల వెనక దాకా చూసుకోవచ్చు. నేను ఆ సైట్ మొత్తం మీద ఏడాదిన్నరలో నేర్చుకున్నదంతా ఈ ఒక్క రిపోర్ట్‌లోనే.

నాకు భాష మీద కొంచెం మమకారం ఎక్కువ. చైన్ అనను, గొలుసు అంటా. స్పోక్స్ అనను, ఆకులు అంటా. బ్రేకుకి ఓ చోట నిరోధకం అని కూడా రాశా, ఇప్పుడు చూస్తే నాకే నవ్వొస్తోంది. టైటిళ్లు కూడా కవిత్వంలా పెట్టేవాణ్ణి, చైన్ ఊడిపోవడం మీద రాసిన వ్యాసం పేరు "గొలుసు అలిగిన వేళ". ఎంత బాగుంది కదా. దానికి నెల మొత్తం మీద రెండు క్లిక్కులు. ఇక రిపోర్ట్‌లో జనం కొట్టిన మాటలు చూస్తే, సైకిల్ చైన్ ఊడిపోతోంది, చైన్ లూజ్ అయితే ఏం చేయాలి, చైన్ జారుతోంది, ఇవి. సగం మంది తెలుగు మాటలనే ఇంగ్లీష్ అక్షరాల్లో కొట్టారు. గొలుసు అని ఒక్కడూ కొట్టలేదు. కొట్టినవాళ్లేమైనా ఉంటే వాళ్లకి కావాల్సింది మెళ్లో వేసుకునేది.

ఒక రోజంతా కూర్చుని ఆ వ్యాసాన్ని చదివా, చైన్ ఊడి రోడ్డు పక్కన నిలబడ్డవాడిలా. మొదటి ఆరు పేరాలు నా చిన్నప్పటి సైకిల్ జ్ఞాపకాలు. ఏడో పేరాలో మొదలవుతుంది చైన్ సంగతి. చేతికి గ్రీజు అంటుకుని, ఫోన్ మోచేత్తో స్క్రోల్ చేసేవాడికి నా జ్ఞాపకాలు ఎందుకు? అవన్నీ తీసి ఇంకో పేజీలో పెట్టా, టైటిల్ "సైకిల్ చైన్ మాటిమాటికీ ఊడిపోతుంటే ముందు చూడాల్సిన నాలుగు చోట్లు" అని మార్చా, మొదటి లైన్లోనే విషయం పెట్టా, గేర్లు లేని సైకిల్ అయితే వెనక యాక్సిల్ నట్లు లూజై వీలు ముందుకి జరిగిందేమో చూడు, చైన్ మధ్యలో వేలితో ఎత్తి దించితే అరంగుళం కంటే ఎక్కువ ఆడకూడదు, అని. గేర్ల సైకిల్‌కి లిమిట్ స్క్రూలు (గేరు మార్చే భాగం ఎంత దూరం జరగాలో ఆపేవి), వంగిన హ్యాంగర్ (ఆ భాగం తగిలించే కొక్కెం), తర్వాత చైన్ సాగడం. సాగిందో లేదో చూడటానికి స్టీలు స్కేలు చాలు, చైన్‌లో పన్నెండు పూర్తి లింకులు (ఒక సన్న ముక్క, ఒక వెడల్పు ముక్క కలిపి ఒకటి) సరిగ్గా 12 అంగుళాలు రావాలి, 1/16 అంగుళం దాటిందంటే చైన్ మార్చే టైమ్ వచ్చినట్టు. నా పాత చైన్ పక్కన స్కేలు పెట్టి దగ్గర్నుంచి ఫోటో తీసి పెట్టా, పిన్ను గీత దాటి ఎంత పక్కకి జరిగిందో తెలిసేలా. ఆ ఫోటోకి ఆల్ట్ టెక్స్ట్ (ఫోటోలో ఏముందో చెప్పే లైను) కూడా మామూలు మాటల్లో రాశా, స్కేలుతో సైకిల్ చైన్ సాగుదల కొలవడం అని. ఇప్పుడు ఇమేజ్ సెర్చ్ నుంచి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఈ ఒక్క ఫోటో పట్టుకుని వచ్చేవాళ్లే.

నెల రోజులకి ఆ పేజీ కదిలింది. ముందు ఇంప్రెషన్లు పెరిగాయి, అంటే మూడో పేజీలోనో ఎక్కడో కనపడటం మొదలైంది, ఇంకో ఆరువారాలకి క్లిక్కులు. సగటు స్థానం అనే నంబర్ని మాత్రం నమ్మకండి, నాది ఒకసారి 9 నుంచి 17కి పడిపోయింది, గుండె జారిపోయింది, తీరా చూస్తే ఆ పేజీ కొత్తగా ఇంకో యాభై రకాల వెతుకులాటల్లో ఎక్కడో అడుగున కనపడుతోంది, అవన్నీ కలిపి సగటు తీసేసరికి అలా వచ్చింది. అసలు క్లిక్కులు పెరిగాయి ఆ వారం. ఇంకోటి, మీరు పెట్టిన టైటిలే గూగుల్ చూపిస్తుందనీ లేదు, నచ్చకపోతే పేజీలోని హెడ్డింగ్ తీసుకుని తనే ఇంకోటి పెడుతుంది, నా కవితాత్మక టైటిళ్లలో రెండింటికి అప్పటికే అలా చేసింది, నాకన్నా ముందే దానికి అర్థమైంది.

పంక్చర్ మీద నావి మూడు వ్యాసాలున్నాయి, ఒకే మాటకి ఈ మూడూ వంతులేసుకుని కనపడుతున్నాయి, ఈ వారం ఇది, వచ్చే వారం అది, ఏదీ నిలబడట్లేదు. మూడూ కలిపి ఒకటి చేసి, మిగతా రెండు అడ్రస్‌ల నుంచి 301 రీడైరెక్ట్ (పాత అడ్రస్‌కి వచ్చినవాణ్ణి శాశ్వతంగా కొత్తదానికి పంపడం) పెట్టా. కుదురుకుంది.

రీడైరెక్ట్ అంటే గుర్తొచ్చింది, నేను చేసిన అతి పెద్ద తెలివితక్కువ పని. మన తెలుగు టైటిల్ పెడితే వర్డ్‌ప్రెస్ దాన్నే అడ్రస్‌గా మారుస్తుంది, స్లగ్ అంటారు. బ్రౌజర్లో తెలుగులోనే కనపడుతుంది గానీ లోపల ప్రతి గుర్తూ శాతం గుర్తులు, ఇంగ్లీష్ అక్షరాలు, అంకెలు కలిసిన తొమ్మిది క్యారెక్టర్ల తోకగా మారుతుంది. అక్షరం అనలేదు, గుర్తు అన్నా, ఎందుకంటే గుణింతం, పొల్లు, సున్నా అన్నీ విడివిడిగా లెక్క. "సైకిల్" అన్న మాటనే తీసుకోండి, స, దాని ఐత్వం, క, దాని గుడి, ల, దాని పొల్లు, ఆరు గుర్తులు, ఆరు తొమ్ముళ్లు 54. స్లగ్‌కి వర్డ్‌ప్రెస్ ఇచ్చే చోటేమో మొత్తం 200. అంటే మన తెలుగులో ఇరవై రెండు గుర్తులకి కత్తెర పడుతుంది. నా వ్యాసాల్లో ఎక్కువ భాగం ఒక సిరీస్, "ఇంట్లోనే సైకిల్ రిపేర్ నేర్చుకుందాం" అని మొదలై తర్వాత గీత పెట్టి అసలు విషయం. కత్తెర సరిగ్గా "నేర్చుకుందాం" లో న దగ్గర పడింది. వాటన్నిటి అడ్రస్‌లూ "ఇంట్లోనే-సైకిల్-రిపేర్-న", "ఇంట్లోనే-సైకిల్-రిపేర్-న-2", అలా "న-31" దాకా. బ్రేకుల వ్యాసం న-14. ఎవరికైనా వాట్సాప్‌లో పంపితే ఆ శాతం గుర్తుల చాంతాడు చూసి వైరస్ లింకేమో అనుకునేవాళ్లు.

నిజం చెప్పాలంటే అడ్రస్‌లో మాటలకి ర్యాంకింగ్‌లో విలువ చాలా తక్కువ, మార్చకపోయినా కొంప మునిగేది కాదు. కానీ కంటికి చిరాకు. సరే ఇంగ్లీష్ అక్షరాల్లో చిన్న చిన్న స్లగ్‌లు పెడదాం అనుకున్నా. అడ్మిన్‌లో ఒక్కో పోస్టు తెరిచి మార్చి ఉంటే పాత స్లగ్‌ని వర్డ్‌ప్రెస్ గుర్తుపెట్టుకుని తనే కొత్తదానికి పంపించేది. నలభైసార్లు ఎవడు తెరుస్తాడు అని నేను నేరుగా డేటాబేస్‌లోకి దూరి ఒక్క ఎస్‌క్యూఎల్ కమాండ్ దెబ్బతో అన్నీ మార్చేశా. వర్డ్‌ప్రెస్‌కి ఈ సంగతి తెలీదు, పాత అడ్రస్‌లన్నీ 404, అంటే పేజీ లేదు. అప్పటికి పాపం గూగుల్ ఒక ఇరవై ఐదు పేజీలు ఎక్కించుకుంది, అన్నీ గోడకి గుద్దుకున్నాయి. అప్పుడైనా బుద్ధిగా చేశానా, లేదు, ఒక ప్లగిన్ (వర్డ్‌ప్రెస్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాము) పెట్టి 404 వచ్చినవన్నీ హోమ్ పేజీకి మళ్లించా. అడిగింది బ్రేకుల గురించి, తీసుకెళ్లింది గుమ్మం దగ్గరికి. గూగుల్ వీటిని సాఫ్ట్ 404 (పేజీ వచ్చినట్టే ఉంది గానీ అడిగింది లేదు) అని పక్కన పడేస్తుంది, పడేసింది. చివరికి పాత బ్యాకప్‌లోంచి లిస్టు తీసి ఎడమవైపు పాతది, కుడివైపు కొత్తది, ఒక్కోటీ కూర్చుని జత చేశా, రెండు రాత్రులు. నలభైసార్లు ఎడిట్ నొక్కి ఉంటే గంట పని. క్లిక్కులు మళ్లీ మామూలుకి రావడానికి దాదాపు రెండు నెలలు పట్టింది. ఆ రీడైరెక్ట్‌లు కనీసం ఏడాదైనా ఉంచమని గూగుల్ చెప్తుంది, నేను ఇంక ఎప్పటికీ తీయను.

స్పీడ్ గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే దాని మీద అవసరానికి మించి టైమ్ తగలేశా. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అనే గూగుల్ స్పీడ్ పరీక్షలో పచ్చ రంగు వంద రావాలని నెల రోజులు కుస్తీ పట్టా. పెద్ద బొమ్మ లేదా పెద్ద టెక్స్ట్ కనపడటానికి 2.5 సెకన్లు దాటకూడదు, నొక్కితే 200 మిల్లీసెకన్లలో కదలాలి, పేజీ ఎగిరెగిరి పడటం 0.1 లోపు ఉండాలి, ఇవీ ఇప్పటి కొలతలు, మూడింటిలో రెండోది 2024 మార్చిలో మారింది. కానీ గూగుల్ చూసేది నిజమైన జనం క్రోమ్‌లో తెరిచినప్పటి లెక్కలు, నాలాంటి బుల్లి సైట్‌కి ఆ లెక్కలకి సరిపడా జనమే లేరు, రిపోర్ట్‌లో డేటా చాలదు అని వస్తుంది. లేని పరీక్షకి నేను చదువుతున్నా. అయినా ఒకటి మాత్రం పనికొచ్చింది. నా పేజీల పైన పెద్ద ఫోటో ఉంటుంది, ఫోన్లో తీసింది తీసినట్టు ఎక్కించా, నాలుగు ఎంబీ. దాన్ని వెబ్‌పీ అనే ఫోటో ఫార్మాట్‌కి మార్చి చిన్నది చేస్తే నూట యాభై కేబీకి దిగింది. అయినా ఫోటో ఆలస్యంగానే వస్తోంది, ఏంటా అని చూస్తే స్పీడ్ పెంచుతానని పెట్టిన ప్లగిన్ అన్ని ఫోటోలకీ లేజీ లోడింగ్ (అక్కడిదాకా స్క్రోల్ చేశాకే ఫోటో తేవడం) తగిలించింది, అట్టడుగున ఉన్నవాటికైతే అది మంచిదే, మొదటే కనపడాల్సిన ఫోటోకి కూడా పెడితే తర్వాత రా అని చెప్పినట్టేగా. ఆ ఒక్కదానికి తీసేశా, సరిపోయింది.

లింకుల సంగతి ఇంకో మాట. కొన్న మూడొందలూ పనిచేయలేదని చెప్పా కదా, పనిచేసినవి రెండు. ఒకటి సైకిళ్ల మీద రాసే ఇంకొకాయన తన వ్యాసంలో నా స్కేలు ఫోటో వాడుకుని కింద లింక్ ఇచ్చాడు, నేను అడగను కూడా లేదు. రెండోది నా సొంత పేజీల మధ్య నేను ఇచ్చుకున్నవి. అప్పటిదాకా ఒక వ్యాసం నుంచి ఇంకో వ్యాసానికి దారే లేదు, పాతవి వెనక్కి పోయి పోయి ఆర్కైవ్ ఏడో పేజీలో అనాథల్లా పడున్నాయి. చైన్ వ్యాసంలో ఫ్రీవీల్ మాట వచ్చిన చోట ఫ్రీవీల్ వ్యాసానికి లింక్, అలా ఒక ఆదివారం అంతా కూర్చుని కుట్టుకుంటూ పోయా. క్రాల్డ్ కరెంట్లీ నాట్ ఇండెక్స్డ్ లో ఉన్న పదకొండింటిలో ఆరు ఆ తర్వాత నెలలో ఎక్కాయి. లింకుల వల్లేనా, అప్పుడే వాటిని కొంచెం తిరగరాశా కాబట్టి అందువల్లా అంటే నేను చెప్పలేను, రెండూ ఒకేసారి చేశా.

మైక్రోసాఫ్ట్ వాళ్ల సెర్చ్ ఇంజన్ బింగ్‌ని అందరూ చిన్నచూపు చూస్తారు గానీ నాకు త్వరగా చోటిచ్చింది అదే. సెర్చ్ కన్సోల్ నుంచి నేరుగా ఇంపోర్ట్ చేసుకోవచ్చు, రెండు నిమిషాల పని. ఇండెక్స్‌నౌ అని 2021లో వచ్చింది, పేజీ మారగానే బింగ్, యాండెక్స్ లాంటి సెర్చ్ ఇంజన్లకి మనమే కబురు పంపొచ్చు, ఒక ప్లగిన్ పెట్టుకుంటే అదే చూసుకుంటుంది. గూగుల్ అందులో లేదు.

ఈ మధ్య కొన్ని వెతుకులాటలకి గూగుల్ పైనే ఏఐతో జవాబు రాసి పెట్టేస్తోంది కదా, నా టైరు గాలి ఎంత పెట్టాలి అన్న పేజీకి ఇంప్రెషన్లు అలాగే ఉండి క్లిక్కులు పడిపోయాయి. ఒక నంబరు కోసం వచ్చేవాడికి నంబరు అక్కడే దొరికితే నా దాకా ఎందుకొస్తాడు, న్యాయమే. ఉక్రోషం మాత్రం ఉంది. చైన్ పేజీకి అలా జరగలేదు, చేత్తో చేసే పని కాబట్టి ఫోటోలు చూడటానికైనా వస్తున్నారేమో.

ఇప్పుడు రోజుకి సుమారు రెండొందల మంది వస్తున్నారు, అందులో సగం ఆ చైన్ పేజీకే. సున్నా చూసినవాడికి ఇది పండగే. "గొలుసు అలిగిన వేళ" అన్న పేరు పారేయలేక వ్యాసం లోపల ఒక చిన్న ఉపశీర్షికగా ఉంచుకున్నా, గూగుల్ ఏమీ అనుకోలేదు.

వంకర వీలు సరిచేయడం మీద రాసింది మాత్రం ఇంకా క్రాల్డ్ కరెంట్లీ నాట్ ఇండెక్స్డ్ లోనే ఉంది, మూడుసార్లు వచ్చి చూసి వెళ్లింది. నిన్న మళ్లీ చదివా. ఏ ఆకు ఎటు తిప్పాలో నాలుగు పేరాలు వర్ణించా గానీ ఒక్క ఫోటో లేదు, నేను రాసిందాన్ని పట్టుకుని నేనే చేయలేకపోయా. వెనక వీలు ఊడదీసి స్టాండ్‌కి తగిలించి పెట్టా, ఆదివారం వెలుతురున్నప్పుడు ఫోటోలు తీయాలి.